ఆంకీ యాప్ ఎలా ఉంది? ఒక బోటనీ లెక్చరర్ మాట

నేను ఇంటర్ బైపీసీ పిల్లలకు బోటనీ చెబుతాను. సాయంత్రం పూట నీట్‌కి చదివే కొందరు మా ఇంటికి వస్తారు. వాళ్లచేత ఆంకీ అనే ప్రశ్న-జవాబు కార్డుల యాప్ వాడిస్తున్నాను. జ్ఞాపకశక్తికి మంచిదని అందరూ దీన్ని పొగుడుతారు. అది నిజమే కానీ నాకు నచ్చిన కారణం వేరు. తనకు ఏది వచ్చో, ఏది రాదో పిల్లవాడికి ఇంత నిక్కచ్చిగా చూపించే సాధనం ఈ ధరలో నాకు ఇంకొకటి కనపడలేదు.

పని చేసే తీరు సులువే. కార్డుకు ముందు ప్రశ్న, వెనక జవాబు ఉంటాయి. జవాబు మనసులో అనుకుని, కార్డు తిప్పి చూసి, నాలుగు బటన్లలో ఒకటి నొక్కాలి: అగైన్, హార్డ్, గుడ్, ఈజీ. ఏది నొక్కితే ఆ కార్డు మళ్లీ ఎప్పుడొస్తుందో అక్కడే కనిపిస్తుంది. బాగా వచ్చినవి రోజులు, నెలలు దాటి వస్తాయి. రానివి కాసేపట్లోనే మళ్లీ ఎదురవుతాయి. డేమియన్ ఎల్మ్స్ అనే ఆయన 2006లో దీన్ని తయారుచేయడం మొదలుపెట్టారు. 2023లో ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ అనే కొత్త లెక్క కూడా చేర్చారు. అది మనం నొక్కిన బటన్ల చరిత్రను చూసి, మనం ఎంత తొందరగా మర్చిపోతామో అంచనా కడుతుంది.

అసలు విషయం కార్డు తిప్పే ముందున్న ఆ రెండు మూడు సెకన్లలో ఉంది. మా దగ్గర చదివే ఒకమ్మాయికి కిరణజన్య సంయోగక్రియ పాఠంలో ఈ కార్డు వచ్చింది: "సీ4 మొక్కల్లో కార్బన్ డై ఆక్సైడ్‌ను మొదట స్వీకరించేది ఏది?" తను పైకే "ఆక్సాలో ఎసిటిక్ ఆమ్లం" అంది. తిప్పితే ఫాస్ఫో ఇనాల్ పైరువేట్ అని ఉంది. "ఆఁ, ఇదే మేడం, నాకు తెలుసు" అంటూ గుడ్ మీద వేలు పెట్టబోయింది. "మరి ముందు ఏమన్నావమ్మా?" అని అడిగాను. ఆగి, కార్డు మళ్లీ చూసి, తనంతట తానే అగైన్ నొక్కింది.

ఆ పాఠం పుస్తకంలో సగానికి పైగా పసుపు రంగు హైలైటర్‌తో గీసుకుంది. ఎన్నిసార్లో చదివింది కాబట్టి రెండు పేర్లూ బాగా పరిచయమే. ఏది కళ్లబడినా తెలిసినట్టే ఉంటుంది. ఆ రోజు రఫ్ నోట్సులో, మొక్కలు కార్బన్ డై ఆక్సైడ్‌ను పట్టే సీ3, సీ4 పద్ధతులకు చెరొక వరుస గీసుకుంది. సీ3కి స్వీకర్త రిబ్యులోజ్ బిస్ ఫాస్ఫేట్, మొదటి స్థిర ఉత్పన్నం ఫాస్ఫో గ్లిజరిక్ ఆమ్లం. సీ4కి స్వీకర్త ఫాస్ఫో ఇనాల్ పైరువేట్, మొదటి స్థిర ఉత్పన్నం ఆక్సాలో ఎసిటిక్ ఆమ్లం. 'ఫొటోసింథసిస్ వీక్' అనుకుని పాఠమంతా మళ్లీ చదవక్కర్లేకుండా, తికమక ఎక్కడుందో తనే వేలు పెట్టి చూపించగలిగింది. మెటాకాగ్నిషన్ అని సైకాలజీలో అనేది దీన్నే. 1970లలో జాన్ ఫ్లావెల్ ఈ మాటను వాడుకలోకి తెచ్చారు.

ఈ 'తెలిసినట్టు అనిపించడం' మీద గట్టి పరిశోధన ఉంది. కార్పికే, రోడిగర్ అనే ఇద్దరు 2008లో కాలేజీ విద్యార్థులకు 40 స్వాహిలీ మాటలు, వాటి ఇంగ్లిష్ అర్థాలు నేర్పించారు. ఒకసారి వచ్చిన మాటల మీద కూడా పరీక్ష రాస్తూ పోయినవాళ్లకు వారం తర్వాత దాదాపు 80 శాతం గుర్తున్నాయి. వచ్చిన మాటల మీద పరీక్ష ఆపేసినవాళ్లకు అందులో సగం కూడా గుర్తులేవు. అయితే వారం తర్వాత ఎన్ని గుర్తుంటాయని ముందే అడిగితే అందరూ సగం దాకా అనే చెప్పారు. ఎవరు మర్చిపోతారో వాళ్లకే తెలియలేదన్నమాట. అందుకే పిల్లలు "వచ్చు మేడం" అంటే నాకు కోపం రాదు. వాళ్లు అబద్ధం ఆడటం లేదు, వాళ్లకు నిజంగానే అలా అనిపిస్తుంది. కానీ నీట్‌లో తప్పు జవాబుకు ఒక మార్కు కోత ఉంది. వచ్చని నమ్మి బబుల్ నింపితే నాలుగు మార్కులు రాకపోగా ఉన్నదాంట్లోంచి ఇంకొకటి పోతుంది.

హార్డ్ బటన్ గురించి గట్టిగా చెప్పాలి. జవాబు రాకపోయినా మొహమాటానికి హార్డ్ నొక్కేవాళ్లు చాలామంది. హార్డ్ అంటే కష్టంగానైనా గుర్తొచ్చిందని అర్థం. గుర్తు రాకపోతే అగైన్ ఒక్కటే. అలా కాకపోతే యాప్ వేసే లెక్కంతా తప్పుతుంది. మా పిల్లలకు నేను పెట్టిన పద్ధతి ఇది: తిప్పే ముందు జవాబు రఫ్ నోట్సులో రాసి, పక్కన 'గ్యారంటీ' అనో 'డౌటు' అనో పెట్టాలి. గ్యారంటీ అని పెట్టి తప్పినవే ఆ వారం ముందుగా చదవాలి. డౌటు పెట్టినవాటిని ఎలాగూ చదువుతారు, గ్యారంటీ పెట్టినవాటి జోలికే వెళ్లరు.

ఇంకో మంచి ఏర్పాటు 'లీచ్'. నేర్చుకున్నాక ఎనిమిదిసార్లు మర్చిపోయిన కార్డుకు మామూలు సెట్టింగులో యాప్ ఆ పేరుతో గుర్తు పెడుతుంది. ఇక దాన్ని బట్టీ పట్టి లాభం లేదు. ప్రశ్నే సరిగా లేదా, లేక విషయమే అర్థం కాలేదా అని చూడాలి. నేను ఆ లీచ్ కార్డుల మీదే క్లాసు తీసుకుంటాను. ఏం చెప్పాలో పిల్లలను అడిగే కంటే అవే బాగా చెబుతున్నాయి.

లోపాలు చిన్నవేమీ కాదు. యాప్ చూడటానికి పాతకాలం సాఫ్ట్‌వేర్‌లా ఉంటుంది. సెట్టింగులు చూస్తే కొత్తవాళ్లకు టెన్షన్ వస్తుంది. వాటి జోలికి పోకండి, రోజుకు 20 కొత్త కార్డులని ముందే పెట్టి ఉంటుంది, మొదట అది కూడా తగ్గించుకోవచ్చు. నాలుగు రోజులు మానేస్తే రివ్యూలు కుప్పపడతాయి, ఆ సంఖ్య చూసి వదిలేసినవాళ్లు నాకు తెలుసు. నెట్‌లో రెడీమేడ్ కార్డులు దొరుకుతాయి కానీ వాటిలో తప్పులున్నా మీకు తెలియదు. పైగా కార్డు తయారుచేసేటప్పుడే సగం చదువు అవుతుంది. అది పోగొట్టుకోవద్దు. ఫిజిక్స్ లెక్కలకు ఇది పెద్దగా పనికిరాదు. సూత్రం గుర్తుండటం వేరు, లెక్క చేయడం వేరు. చేతిలో ఫోన్ ఉంటే రీల్స్ కూడా ఉంటాయి కాబట్టి ఇంట్లో కంప్యూటర్ ఉంటే దాని మీదే చేయించండి. తెలుగులో కార్డులు నిక్షేపంగా రాసుకోవచ్చు, తెలుగు మీడియం పిల్లలకు ఇబ్బందేమీ లేదు.

కంప్యూటర్‌కు ఉచితం. ఆండ్రాయిడ్‌కు స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు తయారుచేసిన ఆంకీడ్రాయిడ్ ఉంది, అదీ ఉచితమే. ఐఫోన్ యాప్‌కు మాత్రం అమెరికా ధర 24.99 డాలర్లు, ఒక్కసారి కడితే చాలు. స్టోర్‌లో ఇదే పేరుకు దగ్గరగా వేరే యాప్‌లు చాలా ఉన్నాయి, నెలనెలా డబ్బు అడిగేది కనపడితే అది ఇది కాదని గుర్తుపట్టండి. ఐఫోన్ ఉండి అంత పెట్టలేనివాళ్లు బ్రౌజర్‌లో ఆంకీవెబ్ తెరిచి అదే ఖాతాతో రివ్యూలు చేసుకోవచ్చు, దానికి పైసా కట్టక్కర్లేదు.