ఒంటికి పని చెప్పే క్షేత్రాలు: ఎక్కడ ఏం దక్కుతుంది, ఎక్కడ దిగాలి

"దర్శనం ఎలా అయింది?" అని అడిగితే "అరగంటలో బయటపడ్డాం, సూపర్" అనేవాళ్లున్నారు. రాత్రంతా కంపార్ట్‌మెంట్‌లో కూర్చుని, స్వామి ముందు రెండు సెకన్లు నిలబడి, వెక్కివెక్కి ఏడుస్తూ బయటికొచ్చేవాళ్లూ ఉన్నారు. ఈ తేడాకి భక్తిని తూకం వెయ్యక్కర్లేదు. రెండోవాళ్ల ఒళ్లు అప్పటికే చాలా పని చేసి ఉంటుంది. నడిచింది, పస్తు ఉంది, నిద్ర కాచింది, వేలమంది గొంతుల్లో గొంతు కలిపింది. టికెట్టు రేటు పెరిగేకొద్దీ ఈ పని తగ్గుతుంది. సుఖం కొనుక్కోవడం తప్పేం కాదు. ఏది వదులుకుని కొంటున్నామో తెలిసి కొనాలి, అంతే. తెలుగునాట ఒక్కో క్షేత్రం ఒంట్లో ఒక్కోదానికి పని చెబుతుంది. బస, బండి, వేళ దాన్ని బట్టి చూసుకోవడం మేలు.

తిరుమలలో మొదటి పని కాళ్లది. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీనివాసమంగాపురం వైపు నుంచి వెళ్లే శ్రీవారి మెట్టు దారిలో 2,388. అంకె చూసి శ్రీవారి మెట్టే తేలిక అనుకుంటారు. త్వరగా అయిపోతుందన్నది నిజమే, మామూలు నడకకి గంటన్నర, రెండు గంటలు. కానీ ఊపిరి తీసుకునే చదును తక్కువ. అలిపిరికి మూడు నుంచి ఐదు గంటలు పడుతుంది. అందులో కష్టమంతా రెండు చోట్లే: మొదట్లో గాలిగోపురం దాకా, చివర్లో మోకాళ్ల మెట్టు దగ్గర. మధ్యలో చాలా దూరం కాళ్లకి తెరిపి. గాలిగోపురం దాకా పరుగులాంటి నడకతో ఎక్కేసినవాళ్లే చివరికొచ్చాక కూలబడతారు.

వేగం కొలవడానికి వాచీ అక్కర్లేదు. గొంతెత్తి, చివరి అక్షరం సాగదీసి "గోవిందా" అనగలుగుతున్నంత వేగమే సరైనది. మాట మధ్యలో తెగిపోతుంటే తొందరపడుతున్నట్టు. ఇందులో ఇంకో మేలూ ఉంది. పేరు సాగదీసి పలికినప్పుడు ఊపిరి వదిలే కాలం పెరుగుతుంది, దాంతో గుండె వేగం నెమ్మదిస్తుంది. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక పరిశోధనలో క్రైస్తవుల లాటిన్ జపమాల ప్రార్థన చదివినా, బౌద్ధుల "ఓం మణి పద్మే హుం" అన్నా శ్వాస నిమిషానికి ఆరు చొప్పున స్థిరపడిందని తేలింది. మతాలు వేరు, ఊపిరితిత్తులకి అందిన లయ మాత్రం ఒకటే.

దారి మొదట్లోనే తలయేరు గుండు కనిపిస్తుంది. మోకాళ్లు, తల దానికి ఆనిస్తే ఎక్కేటప్పుడు నొప్పులు రావని నమ్మకం. అక్కడ ఆగి కాళ్లు సాగదీసుకోవడానికి ఇంతకంటే మంచి వంక దొరకదు. మెట్ల పూజ మొక్కుకున్నవాళ్లు ప్రతి మెట్టుకీ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కొందరు కర్పూరం వెలిగిస్తూ ఎక్కుతారు. అన్ని వేలసార్లు వంగి లేచే ఆ పనిలో నడుం నొప్పి మర్నాటికి గానీ తెలియదు. పక్కన నడిచేవాళ్లకి జాగ్రత్త ఏమిటంటే, చినుకు పడితే పసుపు, నూనె, కర్పూరం మసి కలిసి మెట్టు అంచు పాచి పట్టినట్టు జారుతుంది. మెట్టు నడిమి వదిలి పిట్టగోడ వారగా నడవాలి.

సామాను అలిపిరిలో ఇచ్చేస్తే ఉచితంగా పైకి చేరుస్తారు. టోకెన్ చీటీ పారేసుకోకండి. చెప్పులు కూడా ఆ సంచిలోనే పెట్టేస్తే పైన వెతుకులాట ఉండదు. నీళ్ల సీసా, మాత్రలు, ఆధార్ మాత్రం చేతి సంచిలో ఉండాలి. 2023 ఆగస్టులో చిరుత దాడిలో ఓ చిన్నపాప చనిపోయాక, పిల్లలతో మధ్యాహ్నం దాటాక నడకదారిలోకి వెళ్లడంపై ఆంక్షలు పెట్టారు. పిల్లలుంటే తెల్లవారుజామునే బయల్దేరండి. ఎండాకాలంలో పెద్దవాళ్లకీ అదే వేళ మంచిది, పది దాటితే రాయి అరికాలిని కాలుస్తుంది.

ఇక కళ్ల సంగతి. గర్భాలయంలో కరెంటు దీపాలుండవు, నేతి దీపాల వెలుగే. బయటి వెలుతురులోంచి వచ్చిన కంటికి చీకటి అలవాటు కావడానికి నిమిషాలు పడుతుంది, అక్కడ దొరికేది సెకన్లు. అందుకే చాలామందికి పూలదండలు, తెల్లని నామం తప్ప ఏమీ గుర్తుండవు. పైగా సరిగ్గా ఎదురుగా నిలబడ్డ క్షణంలో దణ్ణం పెడుతూ కళ్లు మూసేసుకుంటారు! వెండి వాకిలి దాటినప్పటి నుంచి దీపాలకేసి కాకుండా నేలకేసి చూస్తూ నడవండి. బంగారు వాకిలి దగ్గర, జయవిజయుల మధ్యకి రాగానే తలెత్తండి. ముందు పాదాలు, తర్వాత వరదహస్తం, ఆఖరికి ముఖం. "జరగండి" అని భుజం మీద చెయ్యి పడేలోపు అంత చాలు. కళ్లజోడు చెమటకి మసకబారుతుంది, లోపలికెళ్లే ముందే పంచె కొంగుతో తుడుచుకోవాలి.

నా లెక్కలో తిరుమలకి మంచి జోడీ 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం, అలిపిరి నడక. నిరీక్షణ తగ్గుతుంది, ఒంటి పని మిగులుతుంది. టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్‌లో విడుదలవుతాయి, అయిపోవడం మాత్రం నిమిషాల్లోనే. దర్శనం స్లాటుకి కనీసం ఎనిమిది గంటల ముందు మెట్టెక్కితే స్నానానికీ, కాస్త నడుం వాల్చడానికీ టైముంటుంది. గది కోసం కొండ మీద గదులు కేటాయించే సీఆర్ఓ ఆఫీసు దగ్గర పేరు నమోదు చేసుకుని మెసేజ్ కోసం ఎదురుచూడాలి. రద్దీ రోజుల్లో ఆ ఎదురుచూపులోనే సగం బలం పోతుంది, దానికంటే యాత్రికుల వసతి సముదాయంలో లాకరు తీసుకుని హాల్లో పడుకోవడం నయం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కింద తిరుపతిలో స్టేషన్ ఎదుటి విష్ణునివాసం, బస్టాండు దగ్గరి శ్రీనివాసం చూసుకుని బస్సులో వెళ్లొచ్చు. తిండికి తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రం ఉండగా హోటళ్ల జోలికి పోనక్కర్లేదు.

శ్రీశైలంలో చర్మం మాట్లాడుతుంది. స్పర్శదర్శనంలో మల్లికార్జున లింగాన్ని చేత్తో తాకి, వంగి నుదురు ఆనించవచ్చు. అభిషేకం నీళ్లతో తడిసిన చల్లటి రాయి, జనం ఊపిరితో వేడెక్కిన గది. నుదుటికి ఆ చలవ తగిలిన క్షణంలో మాట రాదు చాలామందికి. మగవాళ్లకి పంచె, ఆడవాళ్లకి చీర ఉండాలి. ప్యాంటు మీద పంచె చుట్టుకుంటే వంగేటప్పుడు ఊడుతుంది, ముందే సరిగ్గా కట్టుకోండి. లింగం కిందుగా ఉంటుంది కాబట్టి నడుం పట్టేసినవాళ్లు మోకాలి మీద కూర్చుని ఆనించడం క్షేమం. శివరాత్రి, కార్తీకం రద్దీలో స్పర్శదర్శనం నిలిపేస్తారు. ఆ రోజుల్లో వెళ్లి "దూరం నుంచే చూపించారు" అని బాధపడటం దేవస్థానం తప్పు కాదు.

అదే గుళ్లో భ్రమరాంబ అమ్మవారి గుడి వెనక గోడకి చిన్న రంధ్రం ఉంది. చెవి ఆనిస్తే తుమ్మెదల ఝుంకారం వినిపిస్తుందంటారు. అమ్మవారు తుమ్మెదల్ని సృష్టించి అరుణాసురుణ్ని చంపిన కథ తెలిసినవాళ్లకి అది తుమ్మెదలే. కథ తెలియనివాళ్లు "ఏదో హోరు" అంటారు. ఏ చిన్న బోలు దగ్గర చెవి పెట్టినా, చుట్టుపక్కల చప్పుళ్లలో దాని కొలతకి సరిపడే స్వరం పెద్దదై వినబడుతుంది. ఆ హోరుకి పేరు పెట్టేది మాత్రం చిన్నప్పటి నుంచి విన్న కథే. వివరణ తెలిసినంత మాత్రాన ఒళ్లు జలదరించడం ఆగదు, అదే విశేషం. మైకులో ప్రకటనలు మోగుతున్నప్పుడు ఏమీ వినపడదు, పొద్దున్నే వెళ్లండి. రెండో చెవి అరచేత్తో మూసుకుని, ఊపిరి బిగపట్టి పది అంకెలు లెక్కపెట్టండి.

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూస్తారని గుర్తుంచుకోవాలి, మళ్లీ తెరిచేది ఉదయం ఆరుకి. నల్లమల మలుపుల్లో కళ్లు ఫోన్ మీద, ఒళ్లు ఊగుతూ ఉంటే వాంతులు తప్పవు. ముందు సీటు, దూరపు చూపు, ఖాళీ కడుపు కాకుండా రెండు ఇడ్లీలు మందు. వాంతి మాత్ర వేసుకునేట్టయితే ఘాట్ రోడ్డు మొదలవడానికి అరగంట ముందు వేసుకోవాలి. బసకి దేవస్థానం సదన్లు ఉన్నాయి, అవి దొరక్కపోతే రకరకాల సంఘాల సత్రాలు. సత్రాల్లో భోజనం బాగుంటుంది, వేడినీళ్లు మాత్రం అన్ని చోట్లా అన్ని వేళలా ఉండవు, గది తీసుకునే ముందే అడగండి.

సింహాచలం ముక్కుకి. వరాహ నరసింహస్వామి ఏడాది పొడవునా చందనం కిందే ఉంటాడు. వైశాఖ శుద్ధ తదియ నాడు మాత్రమే నిజరూపం. ఆ రాత్రే మళ్లీ పూత మొదలవుతుంది. తర్వాత వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణమిలకి మిగతా మూడు విడతలు, ఒక్కో విడతకి మూడు మణుగులు. గంధపు చెక్కల్ని రాతి మీద అరగదీసి తీసిన ముద్ద అది. గుళ్లోకి అడుగుపెట్టగానే వాసన గుప్పుమంటుంది, కొద్ది నిమిషాల్లో ముక్కు దానికి అలవాటుపడి పట్టించుకోవడం మానేస్తుంది. కాబట్టి తలకి ఘాటైన నూనె, బట్టలకి సెంటు లేకుండా వెళ్లండి, గడప దగ్గరే ఒక్క నిండు ఊపిరి తీసుకోండి. ప్రసాదంగా ఇచ్చే చందనాన్ని ఇంటికి తెచ్చుకుని ఆర్నెల్ల తర్వాత నీళ్లలో అరగదీసినా కొండ మొత్తం కళ్ల ముందు నిలుస్తుంది. వాసన కబురు మెదడులో జ్ఞాపకం, భావోద్వేగం ఉండే చోట్లకి మిగతా ఇంద్రియాల కంటే దగ్గరి దారిలో చేరుతుంది మరి.

చందనోత్సవం రోజు వెళ్లమని మాత్రం చెప్పను. ఎండాకాలం, అర్ధరాత్రి నుంచే క్యూలు, ఉక్క. 2025 ఏప్రిల్ 30న అదే రోజు క్యూలైను పక్క గోడ కూలి ఏడుగురు చనిపోయారు. నిజరూపం మీద మొక్కు లేనివాళ్లు మామూలు రోజు పొద్దున్నే వెళ్లి కప్పస్తంభాన్ని తీరిగ్గా కౌగిలించుకుని రావచ్చు. నడవాలనుంటే ఆషాఢంలో గిరిప్రదక్షిణ ఉంది: కొండ కింద తొలి పావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరి, విశాఖ ఊళ్లోంచి సముద్రపు ఒడ్డు తాకి తిరిగొచ్చే 32 కిలోమీటర్లు. తారు రోడ్డు, ఉక్కపోత. ఇక్కడ కూలదోసేది దూరం కాదు, తొడల రాపిడీ తడిసిన అరికాళ్ల బొబ్బలూ. అప్పుఘర్ దగ్గర సముద్రస్నానం చేశాక ఉప్పు, ఇసుక పోయేలా మంచినీళ్లతో కడిగి, పూర్తిగా తుడుచుకోవాలి. దారి పొడుగునా పులిహోర, మజ్జిగ పంచుతారు. మజ్జిగ తాగండి, పులిహోరని మాత్రం కడుపు నిండా తినకండి. బస విశాఖలోనే.

చెవికి మంగళగిరి. పానకాల స్వామి నోట్లో శంఖంతో బెల్లం పానకం పోస్తే గుటక వేసిన చప్పుడు వినిపిస్తుంది. చప్పుడు ఆగాక మిగిలింది ప్రసాదం. పది అడుగులు వెనకుంటే గంటల మోతలో అది కలిసిపోతుంది, పోయించుకునేవాళ్లకి దగ్గరగా నిలబడాలి. మధ్యాహ్నం తర్వాత పైగుడి మూసేస్తారు, రాత్రి దేవతలు పూజించుకుంటారని నమ్మకం. విజయవాడలో దిగి ఆటోలో పొద్దున వెళ్లొస్తే సరి. మిగిలిన పూట గుణదల కొండకి వెళ్లండి, ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు మేరీమాత తిరునాళ్లు. కొవ్వొత్తుల పక్కనే కొబ్బరికాయలు, మొక్కు తీర్చుకుంటూ తలనీలాలు. బెజవాడ దుర్గమ్మ కొండ మీద చేతులూ కాళ్లూ ఏం చేస్తాయో ఇక్కడా దాదాపు అదే చేస్తాయి. ప్రార్థన మారినంత త్వరగా మొక్కే తీరు మారదు.

చివరిది అనంతపురం జిల్లా గూగూడు. మొహర్రంలో కుళ్లాయిస్వామి పీర్లతో అగ్నిగుండం, తొక్కేవాళ్లలో హిందువులే ఎక్కువ. బొగ్గు, బూడిద వేడిని నెమ్మదిగా అందిస్తాయి, అడుగు తగిలేది క్షణమే కాబట్టి చకచకా నడిస్తే మామూలుగా కాలదు. ఆగినా, పరిగెత్తి అడుగు లోతుగా దిగబడినా, నిప్పు కణిక వేళ్ల సందున ఇరుక్కున్నా కాలుతుంది. స్పెయిన్‌లోని శాన్ పెడ్రో మాన్రికే ఊళ్లో ఇలాంటి నిప్పుల నడకప్పుడు గుండె చప్పుళ్లు కొలిచి, 2011లో ఫలితాలు ప్రకటించారు. నడిచేవాళ్ల గుండెతో గట్టు మీద నిలబడ్డ బంధువుల గుండె జత కలిసింది, చూడటానికొచ్చిన పరాయివాళ్లది కలవలేదు. గూగూడుకి పర్యాటకుడిగా వెళ్లి ఫోన్‌లో వీడియో తీసుకుంటే దక్కేది ఆ పరాయి గుండే. ఊళ్లో తెలిసినవాళ్ల వెంట వెళ్లి, తొక్కేవాడి ఇంటివాళ్ల పక్కన నిలబడితే లెక్క మారుతుంది. గది అనంతపురంలో తీసుకుని రాత్రికే ఊరు చేరాలి, గుండం తొక్కే వేళ జనం అడ్డం పడి బండ్లు కదలవు. షుగరుతో అరికాళ్ల స్పర్శ తగ్గినవాళ్లు గుండంలోకి దిగకూడదు, అలిపిరి మెట్లూ వట్టికాళ్లతో ఎక్కకూడదు. కాలినా, గుచ్చుకున్నా వాళ్లకి తెలియదు. బొబ్బ లేస్తే పేస్టు, పసుపు పూయకుండా ఇరవై నిమిషాలు పారే చల్లటి నీళ్ల కింద పెట్టి, శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.