జింగ్దెజెన్‌లో మూడు రోజులు: చక్రవర్తుల పింగాణీ పెంకుల కోసం

చిన్నప్పుడు సాలార్ జంగ్ మ్యూజియంలో నీలం తెలుపు చైనా పళ్ళేల ముందు నాన్న నన్ను నిలబెట్టి చూపించిన దగ్గర్నుంచి నాకు ఈ పింగాణీ అంటే ప్రాణం. అందుకే షాంఘైలో ఉంటున్న మా తమ్ముడి దగ్గరికి వెళ్ళినప్పుడు ఇంకేం చూపించకపోయినా పర్లేదు జింగ్దెజెన్ మాత్రం తీసుకెళ్ళాల్సిందే అని పట్టుబట్టా. జియాంగ్షి ప్రావిన్స్‌లో చాంగ్ నది ఒడ్డున ఉంటుంది ఊరు, మింగ్, చింగ్ రాజవంశాల చక్రవర్తుల సొంత పింగాణీ బట్టీలు ఉన్నది ఇక్కడే. హై స్పీడ్ ట్రైన్‌లో వచ్చి నార్త్ స్టేషన్‌లో దిగితే ఊళ్ళోకి క్యాబ్ తేలిగ్గానే దొరికింది.

ఒక విషయం ముందే చెప్పేస్తా. చెక్కుచెదరని పెద్ద కూజాలు చూడాలంటే బీజింగ్ ప్యాలెస్ మ్యూజియం, తైపే, లండన్ బ్రిటిష్ మ్యూజియం ఉన్నాయి, 1351 నాటివని రాసి ఉన్న డేవిడ్ వేజెస్ అనే నీలం తెలుపు కూజాల జత కూడా లండన్‌లోనే ఉంది. జింగ్దెజెన్‌కి రావాల్సింది పెంకుల కోసం. ప్యాలెస్‌కి పంపే వాటిలో ఏ చిన్న లోపం కనిపించినా, గీత వంకర పోయినా రంగు చెదిరినా, అది మామూలు జనం చేతికి పోకూడదని అక్కడే పగలగొట్టి గోతుల్లో పాతిపెట్టేవాళ్ళు. ఆ గోతుల్ని తవ్వి ముక్కలన్నీ ఓపిగ్గా అతికించి ఝూషాన్ దగ్గరున్న ఇంపీరియల్ కిల్న్ మ్యూజియంలో పెట్టారు.

మ్యూజియం బిల్డింగే ఒక అద్భుతం, బట్టీలు పక్కపక్కన పడుకున్నట్టు ఇటుక కమానులు, కొంత భాగం నేల కిందకి దిగి ఉంటుంది, కొత్త ఇటుకల మధ్య పాత బట్టీల ఇటుకలు కూడా వాడారు. బట్టీ ఇటుకల్ని రెండు మూడేళ్ళకోసారి మార్చేవాళ్ళంట, తీసేసిన వాటితో ఊళ్ళో ఇళ్ళు కట్టుకునేవాళ్ళు, పాత సందుల్లో నడిస్తే ఆ గోడలు ఇప్పటికీ కనిపిస్తాయి.

లోపల నేను ఎక్కువసేపు ఆగిపోయింది మింగ్ చక్రవర్తి షువాందె కాలం (1426-1435) గిన్నెల దగ్గర. నీలం రంగునిచ్చే ఖనిజం కోబాల్ట్ అప్పట్లో పర్షియా వైపు నుంచి వచ్చేది, అందులో ఇనుము ఎక్కువ, అందుకే నీలం మధ్యలో అక్కడక్కడా నల్లటి మచ్చలు తేలి ఉంటాయి, సిరా అద్దుడు కాయితం మీద ఊరినట్టు. నాలుగడుగులు వేసి తర్వాతి మింగ్ చక్రవర్తి చెంగ్హువా కాలం (1465-1487) వాటి దగ్గరికి వస్తే లోకల్ కోబాల్ట్, మచ్చల్లేని లేత నీలం, పల్చటి గిన్నె. ఫొటోల్లో ఎన్నిసార్లు చూసినా నాకు తెలియని ఈ తేడా అక్కడ రెండు నిమిషాల్లో అర్థమైపోయింది. ఇంకోటి కీచురాళ్ళ జాడీలు. షువాందె చక్రవర్తికి కీచురాళ్ళ పోటీలంటే ఇష్టం, వాటిని పెంచుకోడానికి చేయించిన నీలం తెలుపు జాడీలు 1993లో ముక్కలుగా బయటపడ్డాయి. మన ఆవకాయ జాడీకి చిట్టి చెల్లెల్లా ఉండే ఆ జాడీ అడుగున ఆయన పేరుతో ముద్ర, ఒళ్ళంతా అతుకులు, చూస్తుంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక్కడికి పూట కాదు, రోజంతా కేటాయించండి.

గుయావో అనే పాత బట్టీల పార్క్ మాత్రం సగమే నచ్చింది. టికెట్ ఎక్కువ, టూర్ గ్రూపుల గోల ఎక్కువ. కానీ సారె మీద గిన్నె లేపే పెద్దాయన్ని, రంగు వేసే ఆవిడని చూడ్డానికి వెళ్ళాల్సిందే. పచ్చి గిన్నె మీద కోబాల్ట్ బూడిద రంగులో మట్టిలా ఉంటుంది, పైన గ్లేజ్ (గాజులా మెరిసే పూత) పూసి 1300 డిగ్రీల దగ్గర్లో కాలిస్తేనే నీలం బయటికొస్తుంది, అంటే వేసేవాళ్ళకి వేస్తున్నప్పుడు అసలు రంగు కనపడదు. గీతలు గీసేది ఒకళ్ళు, లోపల రంగు నింపేది ఇంకొకళ్ళు. ఒక గిన్నె తయారవ్వడానికి 72 చేతులు మారాలని చెప్తారు.

స్టే విషయానికొస్తే, మొదటి రాత్రి పాత ఊళ్ళో ఒక హోమ్‌స్టే తీసుకున్నాం, చవకే, కానీ ఫారిన్ పాస్‌పోర్ట్ ఎలా ఎంట్రీ చెయ్యాలో కౌంటర్లో అమ్మాయికి తెలీక గంటన్నర కూర్చోబెట్టేశారు, మూడో ఫ్లోర్‌కి లిఫ్ట్ లేదు, దుప్పట్లు చెమ్మ వాసన. పొద్దున్నే ఖాళీ చేసి తావోషిచువాన్ దగ్గర హోటల్‌కి మారాం, రేటు డబుల్ అయినా పది నిమిషాల్లో రూమ్ ఇచ్చారు, బట్టలు ఉతుక్కోడానికి మెషీన్ ఉంది, కిందకి దిగితే పాత పింగాణీ ఫ్యాక్టరీని మార్చి చేసిన షాపులు, స్టూడియోలు. అమ్మానాన్నలతో వెళ్ళేవాళ్ళు ఇటువైపే తీసుకోండి.

గైడ్ దగ్గర మాత్రం మోసపోయాం. రోజుకి మాట్లాడుకున్నావిడ మ్యూజియంలో ముప్పావుగంట కూడా ఉండనివ్వకుండా తెలిసిన షాపుకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. మర్నాడు మేమే మళ్ళీ వెళ్ళాం, లేబుల్స్ ఇంగ్లీషులో కూడా ఉన్నాయి, మిగతాదానికి ఫోన్‌లో ట్రాన్స్‌లేటర్ సరిపోయింది. డబ్బులన్నీ అలీపే అనే ఫోన్ పేమెంట్ యాప్ మీదే నడిచాయి.

తిండికి మనవాళ్ళు భయపడక్కర్లేదు, జియాంగ్షి వాళ్ళు కారం బాగా తింటారు. లెంగ్‌ఫెన్ అని చల్లటి బియ్యం నూడుల్స్‌లో మిరపకారం, వెల్లుల్లి వేసి కలిపిస్తే నాకు ప్రాణం లేచొచ్చింది. శాకాహారులు మాత్రం ప్రతిచోటా అడిగి తినాలి.

సోమవారం తెల్లారకముందే టార్చి లైట్లతో పాత వస్తువుల సంత జరుగుతుంది, తప్పకుండా చూడండి కానీ పాతది అని నమ్మి కొనకండి. అడుగున చెంగ్హువా ముద్ర ఉన్నంత మాత్రాన అది ఆ కాలందని కాదు, చాలా తర్వాత వచ్చిన చింగ్ చక్రవర్తి కాంగ్షీ కాలంలోనే ఆ ముద్ర వేసి చేసిన గిన్నెలున్నాయి, ఇప్పుడు చేసే వాటి సంగతి చెప్పక్కర్లేదు. ఒకవేళ నిజంగా పాతదే అయినా 1911కి ముందు వస్తువుల్ని చైనా దాటించడం నిషేధం, ఎయిర్‌పోర్టులో ఇబ్బంది పడతారు. కొనాలనుంటే శనివారం పొద్దున స్కల్ప్చర్ ఫ్యాక్టరీ దగ్గర కుర్రకళాకారులు సంత పెడతారు, నేను అక్కడ నీలం చేప ఉన్న చిన్న టీ కప్పు కొన్నా. కొత్తదే, చేసినమ్మాయి అడుగున తన పేరే రాసుకుంది.