హిమాలయన్ 411 వెనక లింక్ మార్చి మూడేళ్లు: వాడినవారి మాట

రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బైక్ సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లు. బీఎస్6 మోడల్ బరువు 199 కిలోలు. నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. చదునైన రోడ్డు మీద దీంతో పెద్ద ఇబ్బందేమీ లేదు, మునివేళ్లు ఆనితే చాలు, బండి నిలబడుతుంది. కష్టమంతా నేల ఒక పక్కకి వాలినచోటే. ములుగు రోడ్డులో లారీకి దారి ఇవ్వాలని కంకర అంచుకి దిగి ఆగితే, ఎడమ కాలికి నేల అందేలోపే బండి అటు ఒరగడం మొదలవుతుంది. ఒకసారి ఒరిగిందంటే దాదాపు 200 కిలోలని మునివేళ్లతో ఆపలేం.

అందుకే వెనక సస్పెన్షన్‌లో అసలుదానికంటే పొడుగు లింక్ (చక్రం కదలికని షాక్ అబ్జార్బర్‌కి అందించే చిన్న లోహపు ముక్క) వేయించాను. సీటు దాదాపు 30 మిల్లీమీటర్లు దిగింది. మూడేళ్లు దాటింది. ఒంటరిగా బండి నడిపే పొట్టివాళ్లకి ఇది కచ్చితంగా పనికొచ్చే పని. వెనక ఎప్పుడూ మనిషిని ఎక్కించుకునేవాళ్లు మాత్రం కింద రాసింది పూర్తిగా చదివాకే నిర్ణయం తీసుకోండి.

ఈ బండికి వెనక ఉన్నది లింకేజీతో కూడిన మోనోషాక్, అంటే ఒకటే షాక్ అబ్జార్బర్, చక్రం కదలిక 180 మిల్లీమీటర్లు. లింక్ పొడుగైతే షాక్ అదే పొడుగుతో ఉంటుంది కానీ చక్రం ఫ్రేమ్ వైపు పైకి జరుగుతుంది. అంటే గుంతలో పూర్తిగా అణిగినప్పుడు టైరు ఇదివరకటి కంటే పైదాకా వస్తుంది. చాలామంది ఈ సంగతి చూడరు. స్ప్రింగ్ తీసేసి చక్రాన్ని చివరిదాకా ఎత్తి చూడడమే సరైన పరీక్ష. మా మెకానిక్ అలాగే చూశాడు. ఆపైన మడ్‌గార్డ్ లోపల తడి సుద్ద పూసి, బరువైన మనిషిని వెనక కూర్చోబెట్టి స్పీడ్ బ్రేకర్లు ఎక్కించి తెచ్చాడు. సుద్ద చెదరలేదు. చెదిరుంటే ఆ లింక్ వాడొద్దనే అర్థం.

లింక్ మారితే షాక్ మీద పడే బలం లెక్క కూడా మారి వెనక భాగం మెత్తబడినట్టు అనిపించవచ్చు. ప్రీలోడ్ (స్ప్రింగ్ ముందస్తు బిగింపు) పెంచాలి, కానీ కొంచెమే. మరీ బిగిస్తే బండి మళ్లీ పైకి లేచి, దించిన ఫలితం సగం పోతుంది.

వెనక ఒక్కటే దించి వదిలేస్తే హ్యాండిల్ మలుపుల్లో బద్ధకంగా తిరుగుతుంది, ఎందుకంటే ముందు ఫోర్కుల వాలు పెరుగుతుంది. ఫోర్కు గొట్టాలను క్లాంపుల్లో 15 మిల్లీమీటర్లు పైకి జరిపించాను. రెండు వైపులా వెర్నియర్‌తో కొలిచి బిగించాలి, కంటి అంచనా చాలదు. హెడ్‌లైట్ కూడా కిందికి సరిచేయాలి, లేకపోతే ఎదురొచ్చే లారీలవాళ్లు రాత్రంతా డిప్పర్ కొడతారు. చైన్ లూజ్ మళ్లీ చూసుకోవాలి.

అన్నిటికంటే ఎక్కువ పని పెట్టేది స్టాండ్. బండి దిగింది, సైడ్ స్టాండ్ మాత్రం పాత పొడుగే. దాంతో బండి దాదాపు నిటారుగా నిలబడుతుంది, కొంచెం గాలి తోసినా కుడివైపుకి పడిపోతుంది. మీ స్టాండ్ కోయించకండి. ఇంకొకటి కొని, దాన్ని కోయించి వెల్డింగ్ పెట్టించండి, అసలుది దాచుకోండి. డబుల్ స్టాండ్ వేయడం కూడా బరువవుతుంది, బండిని ఇదివరకటి కంటే ఎత్తు లేపాలి కదా. నేను అంగుళం మందం చెక్క పలక ఒకటి గోడ పక్కన పెట్టుకున్నాను. వెనక చక్రాన్ని దాని మీదికి ఎక్కించాక స్టాండ్ తొక్కితే సులువుగా పడుతుంది.

ఇక రోడ్డు మీద. కాజీపేట బ్రిడ్జి ఎక్కుతూ జామ్‌లో ఆగినప్పుడు ఇప్పుడు ఎడమ పాదం ముందు సగం పూర్తిగా ఆనుతుంది, కుడి కాలు బ్రేక్ మీదే ఉంటుంది. నాకు కావాల్సింది ఇదే. 2024 మేడారం జాతరకి తాడ్వాయి దారిలో గంటల తరబడి దుమ్ములో ఆగుతూ, కదులుతూ వెళ్లాం, ఒక్కసారి కూడా టెన్షన్ పడలేదు. మెకానిక్ మొదటిరోజు "అక్కా, ఇప్పుడు ధీమాగా ఉందా?" అని అడిగాడు. ఆ మాట సరిగ్గా సరిపోతుంది.

పోగొట్టుకున్నదీ ఉంది. భూపాలపల్లి వైపు బొగ్గు లారీలు నలిపిన రోడ్డులో, పెద్ద స్పీడ్ బ్రేకర్ల దగ్గర ఇంజిన్ కింద ఉండే ప్లేటు నేలకి తగులుతుంది. ఒంటరిగా ఉంటే వేగం తగ్గిస్తే సరిపోతుంది. వెనక మనిషి, సామాను రెండూ ఉంటే షాక్ చివరిదాకా అణిగి దబ్బుమంటుంది. ఏటూరునాగారం అడవి దారుల్లో మా చెల్లిని ఎక్కించుకుని వెళ్లడం మానేశాను.

లేత్ షాపులో మామూలు ఇనుప పట్టీతో చేయించుకుందామని చూడకండి. వెనక చక్రం మీద పడే బలమంతా ఈ చిన్న ముక్కే మోస్తుంది. ఈ మోడల్‌కి మెషినింగ్ చేసిన లింకులే కొని, టార్క్ రెంచ్‌తో (బిగింపు బలం కొలిచే పానా) బిగించండి. వానాకాలం ముగియగానే విప్పి బేరింగ్‌లకు గ్రీజు పెట్టించాలి. బురద పట్టి ఎండితే కిరకిరమంటుంది. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 వాహనంలో మార్పుల గురించే. కాబట్టి ముందే ఇన్సూరెన్స్ వాళ్లకు రాసి, జవాబు దాచుకోండి.

ఇదంతా చేసేముందు ఒక పని చేయండి: సీటు ఫోమ్ తగ్గించి చూడండి. ఒక అంగుళం దాంతోనే దొరికితే సస్పెన్షన్ జోలికి వెళ్లక్కర్లేదు. నాకు అది చాలలేదు, ఫోమ్ పలచబడి రామప్ప దాకా వెళ్లొచ్చేసరికి నడుం పట్టేసింది. తీసిన పాత లింక్, బోల్టులు మాత్రం సంచిలో వేసి దాచండి, బండి అమ్మేరోజు కొనేవాళ్లు అడుగుతారు.