క్యూబీ మారితే నా ఆర్బీ గతేంటి? డబ్బులు కట్టి వాడిన ఫాంటసీ యాప్ రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్తున్నా, 5కి 3. ఆ మూడులో రెండు ఒక్క ఫీచర్‌కే ఇచ్చా, అదేంటో కింద రాస్తా. యాప్ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) ఫాంటసీకి, అంటే నిజం ప్లేయర్లతో మన సొంత టీమ్ కట్టుకుని వాళ్ళ మ్యాచ్ లెక్కలకి పాయింట్లు తెచ్చుకునే ఆటకి, సలహాలిచ్చే యాప్‌లు నేను చూసినంతవరకు ఈ విషయంలో ఇంచుమించు అన్నీ ఒకటే తీరు, ఒకదాని పేరు పెట్టి తిడితే మిగతావేవో బాగున్నాయి అనుకుంటారు. ప్రొజెక్షన్లు (రాబోయే మ్యాచ్ అంచనాలు), స్టార్ట్-సిట్ (ఎవర్ని ఆడించాలి, ఎవర్ని కూర్చోబెట్టాలి), ట్రేడ్ వాల్యూ చార్ట్, ఇంజురీ అలర్ట్‌లు, వేవర్ (ఎవరి టీమ్‌లోనూ లేని ప్లేయర్లని తీసుకునే) సలహాలు, అన్నీ కలిపి ఒక సీజన్ పాస్. లీగ్ లింక్ చేస్తే మన రోస్టర్ మొత్తం అదే లాగేసుకుంటుంది, ఆ పని చకచకా అయిపోయింది, దాని గురించి ఇంకేం రాయక్కర్లేదు.

నేను డబ్బులు కట్టింది ఒకే ఒక్క ప్రశ్న కోసం. టీమ్‌లో క్వార్టర్‌బ్యాక్ (క్యూబీ, బాల్ విసిరేవాడు) మారాడు, గాయమో, బెంచ్ చేశారో, ట్రేడో ఏదో ఒకటి, ఇప్పుడు నా దగ్గరున్న రన్నింగ్ బ్యాక్‌ని (ఆర్బీ, బాల్ పట్టుకుని పరిగెత్తేవాడు) ఉంచుకోవాలా వదిలించుకోవాలా? ఫాంటసీ ఆడేవాళ్ళకి ఈ తలనొప్పి ఏ సీజన్‌లోనూ తప్పదు. రిసీవర్ల (పాస్‌లు పట్టేవాళ్ళ) సంగతైతే ఈజీ, బాల్ విసిరేవాడు పోతే వాళ్ళ రాత కూడా పోయినట్టే చాలాసార్లు. ఆర్బీ విషయం అలా కాదు, ఒక్కోసారి చెత్త క్యూబీ వస్తేనే వాడికి పండగ.

ముందు మంచి చెప్పుకుందాం. అలర్ట్‌లు సూపర్ ఫాస్ట్. క్యూబీ ప్రాక్టీస్‌కి రాలేదన్నా, మ్యాచ్ మధ్యలో లాకర్ రూమ్‌కి వెళ్ళాడన్నా ఫోన్ టింగుమంటుంది, కింద "ఈ మార్పు వల్ల ఎఫెక్ట్ అయ్యే మీ ప్లేయర్లు" అని లిస్ట్ కూడా ఇస్తుంది. ఇంతవరకు వంక పెట్టడానికి లేదు.

అసలు గొడవ ఆ తర్వాతే. ఆ లిస్ట్‌లో ఆర్బీ పేరు నొక్కితే ప్రొజెక్షన్ పేజీ వస్తుంది, అందులో క్యారీలు (బాల్ పట్టుకుని ఎన్నిసార్లు పరిగెత్తాడు), రషింగ్ యార్డ్‌లు (ఆ పరుగుల దూరం), క్యాచ్‌లు, టచ్‌డౌన్లు వేర్వేరు కాలమ్స్‌లో ఉంటాయి, క్యూబీ మారకముందు మారాక పక్కపక్కన చూపిస్తుంది. చూడ్డానికి చాలా నీట్‌గా ఉంటుంది కానీ కాస్త ఆగి చూస్తే అర్థమవుతుంది, స్టార్ క్యూబీ పోయి బ్యాకప్ వస్తే అన్ని కాలమ్స్ ఇంచుమించు ఒకే నిష్పత్తిలో తగ్గుతాయి, అంతే. వచ్చినవాడు పాకెట్‌లో (తన లైన్ వెనకాల) నిలబడి షార్ట్ పాస్‌లు వేసే ముసలి బ్యాకప్పా, బాల్ పట్టుకుని పరిగెత్తే కుర్రాడా దానికి అనవసరం. అందర్నీ ఒకే గాటన కట్టేస్తుంది.

ఇది ఎంత పెద్ద తప్పో చెప్పాలంటే స్కోరింగ్ ఒకసారి గుర్తు చేసుకోవాలి. ఫుల్ పీపీఆర్‌లో (క్యాచ్‌కి కూడా పాయింట్ ఇచ్చే పద్ధతి) క్యాచ్‌కి 1 పాయింట్, 10 యార్డ్‌లకి 1 పాయింట్, టచ్‌డౌన్‌కి 6. అంటే ప్లే మొదలయ్యే గీత దగ్గరే పట్టుకుని అక్కడే కూలబడినా ఒక్క క్యాచ్, కష్టపడి 10 యార్డ్‌లు పరిగెత్తినదానితో సమానం. కాబట్టి ఆర్బీ వాల్యూలో క్యూబీ చేతిలో ఉన్నవి ముఖ్యంగా రెండు, డౌన్‌ఫీల్డ్‌లో ఎవడూ ఖాళీ లేనప్పుడు దగ్గరున్న ఆర్బీకి చిన్న పాస్ డంప్ చేస్తాడా తనే పరిగెత్తుతాడా, గోల్ లైన్ దగ్గర బాల్ ఇస్తాడా తనే దూరిపోతాడా. క్యూబీ మంచివాడా చెడ్డవాడా అన్నది వీటి తర్వాతే వస్తుంది, యాప్ మాత్రం దాన్ని తెచ్చి మొదట పెట్టింది.

ఇప్పుడు నేను రెండు స్టార్లు ఇచ్చిన ఫీచర్. మెనూలో బాగా లోపల "స్ప్లిట్స్" అని ఒక టూల్ దాచి పెట్టారు, ఎందుకు దాచారో వాళ్ళకే తెలియాలి. ఒక ఆర్బీని ఎంచుకుని, ఏ క్యూబీ స్టార్ట్ చేసిన మ్యాచ్‌లు అని ఫిల్టర్ పెడితే పాత సీజన్ల లెక్కలు మ్యాచ్ మ్యాచ్‌కీ వచ్చేస్తాయి. దీంతో కూర్చుంటే టైమే తెలీదు.

నేను ఫస్ట్ పెట్టింది న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ ఆర్బీ అల్విన్ కమారా, 2020. క్యూబీ డ్రూ బ్రీస్‌తో మొదటి మూడు సీజన్లలో కమారా క్యాచ్‌లు 81, 81, 81, టైప్ చేయడంలో తప్పేం లేదు, మూడేళ్ళూ అదే నంబరు. 2020లో మొదటి 9 మ్యాచ్‌ల్లోనే 67 పట్టాడు. అప్పుడు బ్రీస్‌కి పక్కటెముకలు విరిగాయి, అందరూ బ్యాకప్ జేమిస్ విన్‌స్టన్ వస్తాడనుకుంటే కోచ్ షాన్ పేటన్ టేసమ్ హిల్‌ని దింపాడు. హిల్ బేసిక్‌గా పరిగెత్తే మనిషి. మొదటి మ్యాచ్ అట్లాంటాతో, కమారా క్యాచ్‌లు సున్నా, అది కెరీర్‌లోనే ఫస్ట్ టైమ్. తర్వాత డెన్వర్‌తో ఒక్కటంటే ఒక్కటి, అదీ మైనస్ 2 యార్డ్‌లు (డెన్వర్ క్యూబీలందరూ కోవిడ్ రూల్స్‌లో ఇరుక్కుని ఒక ప్రాక్టీస్ స్క్వాడ్ రిసీవర్‌ని క్యూబీగా ఆడించిన మ్యాచ్ ఇదే, సెయింట్స్ 31-3తో గెలిచారు, అంత ఈజీ మ్యాచ్‌లో కూడా కమారాని ఫాంటసీలో పెట్టుకున్నవాళ్ళు ఏడ్చారు). సెయింట్స్‌ది అదే కోచ్, ఇంచుమించు అదే లైన్ (క్యూబీకి అడ్డంగా ముందు నిలబడేవాళ్ళు), మారింది వెనకాల నిలబడ్డ మనిషి ఒక్కడే. బ్రీస్ తిరిగొచ్చాక క్రిస్మస్ రోజు వైకింగ్స్ మీద కమారా 6 రషింగ్ టచ్‌డౌన్లు కొట్టాడు, ఆ వారం చాలా లీగ్‌ల ఫైనల్ అదే, ఎదురుగా ఆడినవాళ్ళ సంగతి అడగొద్దు.

దీనికి రివర్స్ చూడాలంటే అదే కమారా 2023 పెట్టండి. అప్పటి సెయింట్స్ క్యూబీ డెరెక్ కార్ భుజం దెబ్బతో ఆడుతున్నాడు, బాల్ దూరం పోవట్లేదు, సస్పెన్షన్ అయిపోయి కమారా ఆ మ్యాచ్‌తోనే వచ్చాడు, టంపా బేతో. 13 క్యాచ్‌లు, 33 యార్డ్‌లు. ఫుట్‌బాల్‌గా చూస్తే అంత పరమ చెత్త ఇంకోటి ఉండదు, పీపీఆర్‌లో మాత్రం క్యాచ్‌ల మీదే 16.3 పాయింట్లు, అదే క్యాచ్‌కి పాయింట్ లేని స్టాండర్డ్ స్కోరింగ్‌లో 3.3. ఒకే మ్యాచ్, ఒకే ప్లేయర్, మీ లీగ్ రూల్‌ని బట్టి హీరో లేదా జీరో. యాప్‌లో మన లీగ్ స్కోరింగ్ సెట్టింగ్ ఉంది, ప్రొజెక్షన్‌లో పాయింట్లు దాని ప్రకారమే లెక్క కడుతుంది, కానీ క్యూబీ మార్పుకి తగ్గించడంలో మాత్రం ఈ తేడా ఏం పట్టించుకోదు.

ఇంకోటి చార్జర్స్ ఆర్బీ ఎకెలర్, అదే 2020. వీక్ 1లో టైరాడ్ టేలర్ క్యూబీ, ఎకెలర్‌కి ఒకే ఒక్క టార్గెట్ (అతని వైపు విసిరిన పాస్), 3 యార్డ్‌లు. ముందటి ఏడాది ఫిలిప్ రివర్స్‌తో 92 క్యాచ్‌లు పట్టినవాడు ఇతను. వీక్ 2కి ముందు టీమ్ డాక్టర్ పెయిన్ ఇంజెక్షన్ ఇస్తూ టేలర్ ఊపిరితిత్తికే చిల్లు పెట్టేశాడు, రూకీ (మొదటి సీజన్ ఆటగాడు) జస్టిన్ హెర్బర్ట్ అప్పటికప్పుడు దిగాడు, వీక్ 3లో ఎకెలర్ 11 క్యాచ్‌లు. రూకీ క్యూబీ అనగానే మన యాప్ లాంటివి ఎర్ర బాణం కిందకి గీసేస్తాయి కదా, ఇక్కడ రూకీ వచ్చాకే ఎకెలర్ దశ తిరిగింది, 2022కి వచ్చేసరికి 107 క్యాచ్‌లు.

జెట్స్ ఆర్బీ బ్రీస్ హాల్ (పైన చెప్పిన డ్రూ బ్రీస్ కాదు) కథ ఇంకా మజా. 2023లో స్టార్ క్యూబీ ఆరన్ రోజర్స్ జెట్స్‌కి వస్తున్నాడని హడావిడి, నాలుగో స్నాప్‌కే (నాలుగో ప్లేకే) మడమ దగ్గరి అకిలీస్ నరం తెగింది, ఇంక జాక్ విల్సన్, టిమ్ బోయిల్, ట్రెవర్ సీమియన్, వరసగా ఒకడి తర్వాత ఒకడు. టీమ్ అటాక్ నాశనం. హాల్ మాత్రం 76 క్యాచ్‌లు, క్రిస్మస్ ముందు రోజు వాషింగ్టన్‌తో సీమియన్ క్యూబీగా ఉన్న మ్యాచ్‌లో 12 క్యాచ్‌లు, రెండు రషింగ్ టచ్‌డౌన్లు, మొత్తం 191 యార్డ్‌లు, పీపీఆర్‌లో 43.1. సీజన్ అయ్యేసరికి పీపీఆర్ ఆర్బీల్లో శాన్ ఫ్రాన్సిస్కో ఆర్బీ మెకాఫ్రీ తర్వాత ఇతనే. సరే 2024లో రోజర్స్ నిజంగానే వచ్చాడు, సీజన్ మొత్తం ఆడాడు, హాల్ క్యాచ్‌లు 57కి పడిపోయాయి. ఇందులో అన్నీ క్యూబీ ఖాతాలోనే వేసేయకూడదు అది కూడా నిజమే, 2023 మొదట్లో హాల్ మోకాలి ఆపరేషన్ నుంచి అప్పుడే తిరిగొచ్చి తక్కువ స్నాప్స్ ఆడాడు, 2024లో మధ్యలో కోచ్‌నే పీకేశారు. స్ప్లిట్స్ టూల్‌లో ఇలాంటి నోట్స్ ఏమీ ఉండవు, నంబర్లు మన ముందు పడేస్తుంది, మిగతాది మనమే గుర్తు పెట్టుకోవాలి. అర స్టార్ అక్కడ కోశా.

పరిగెత్తే క్యూబీ అంటే ఆర్బీకి ఎప్పుడూ నష్టమే అనుకునేవాళ్ళు మా లీగ్‌లోనూ ఉన్నారు, వాళ్ళు ఆర్బీ డెరిక్ హెన్రీ పేజీ చూడాలి. 2023లో టెనెసీలో క్యారీకి 4.2 యార్డ్‌లు, వయసైపోయింది అన్నారు. 2024లో బాల్టిమోర్ వెళ్ళి పరిగెత్తే క్యూబీ లామార్ జాక్సన్ పక్కన నిలబడేసరికి క్యారీకి 5.9, మొత్తం 1,921 యార్డ్‌లు, 16 రషింగ్ టచ్‌డౌన్లు. లాజిక్ సింపులే, లామార్ బాల్ ఆర్బీకి ఇస్తాడో తనే లాక్కుని పోతాడో తెలీక అంచున ఉన్న డిఫెండర్ ఒక క్షణం ఆగిపోతాడు, ఆ ఒక్క క్షణం హెన్రీ లాంటివాడికి చాలు. 2018లో బాల్టిమోర్ క్యూబీ ఫ్లాకో గాయపడి లామార్ మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు కూడా ఇదే జరిగింది, డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని రూకీ గస్ ఎడ్వర్డ్స్ ఆ రోజు 115 యార్డ్‌లు పరిగెత్తాడు. అంటే క్యారీల మీద బతికే ఆర్బీకి పరిగెత్తే క్యూబీ వరం, క్యాచ్‌ల మీద బతికేవాడికి శాపం. ఈ ఒక్క ముక్క యాప్ మోడల్‌లో పెట్టి ఉంటే 4 స్టార్లు ఇచ్చేవాడిని.

గోల్ లైన్ సంగతి వేరే. ఫిలడెల్ఫియాలో 2021లో ఆర్బీ మైల్స్ సాండర్స్‌కి 137 క్యారీలు, 754 యార్డ్‌లు, టచ్‌డౌన్లు గుండు సున్నా, ఆ ఏడాది వాళ్ళ క్యూబీ హర్ట్స్ కాళ్ళతో 10 కొట్టాడు. 2024లో అదే టీమ్ ఆర్బీ సాక్వాన్ బార్క్లీ 2,005 యార్డ్‌లు పరిగెత్తి కూడా రషింగ్ టచ్‌డౌన్లలో హర్ట్స్ కంటే ఒకటి వెనక, 13కి 14. ఒక యార్డ్ దూరంలో ఉంటే వెనక నుంచి తోసేసే ఆ ప్లే ఉన్నంతకాలం అంతే. కాబట్టి హర్ట్స్ లాంటివాడు గాయపడి మామూలు బ్యాకప్ వస్తే, టీమ్‌కి నష్టమే కానీ గోల్ లైన్ దగ్గర ఆర్బీకి ఛాన్స్ పెరగొచ్చు. యాప్ ఏం చేస్తుంది? ఎర్ర బాణం.

ట్రేడ్ వాల్యూ చార్ట్ గురించి రెండు ముక్కలు. అది ప్రొజెక్షన్ల నుంచే పుడుతుంది కాబట్టి తప్పు కూడా అలాగే వస్తుంది, కానీ ఇక్కడ ఆ తప్పుతో మనకి లాభం ఉంది. మీ లీగ్‌లో మిగతావాళ్ళు కూడా ఇలాంటి చార్ట్‌లే చూస్తారు, క్యూబీ గాయపడిన మర్నాడు వాళ్ళ ఆర్బీ వాల్యూ పడిపోయిందని కంగారు పడతారు, అప్పుడు స్ప్లిట్స్ చూసి, వచ్చే క్యూబీ చెక్‌డౌన్ (దగ్గరి ఆర్బీకి చిన్న పాస్) మనిషి అని తేలితే మెల్లగా ఒక ఆఫర్ పెట్టొచ్చు. 2022లో శాన్ ఫ్రాన్సిస్కో క్యూబీ గారప్పొలో పాదం విరిగి డ్రాఫ్ట్‌లో ఆఖరి పిక్ బ్రాక్ పర్డీ దిగినప్పుడు మెకాఫ్రీని కంగారుగా అమ్ముకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే పాపం వాళ్ళని తల్చుకోండి, పర్డీ దిగిన ఆ మ్యాచ్‌లోనే మెకాఫ్రీ 8 క్యాచ్‌లు, 80 యార్డ్‌లు, ఒక టచ్‌డౌన్. కొత్తవాడికి దగ్గరి పాస్‌లు ఈజీ, షనాహాన్ లాంటి కోచ్‌కి అవి డిజైన్ చేయడం ఇంకా ఈజీ.

స్టార్ట్-సిట్ కాలమ్స్ టైమ్ వేస్ట్. "కొత్త క్యూబీతో అనిశ్చితి ఉంది, జాగ్రత్త" అని రాస్తారు, అది చెప్పడానికి డబ్బులెందుకు. కస్టమర్ సపోర్ట్‌కి ఈ ప్రొజెక్షన్ల సంగతి మెయిల్ పెడితే మర్యాదగా జవాబు వచ్చింది, "మోడల్ టీమ్‌కి దొరికే పాయింట్లని బట్టి పనిచేస్తుంది" అని, అంటే నేను అనుకున్నదే వాళ్ళు ఒప్పుకున్నట్టు. టీమ్ పాయింట్లు తగ్గితే ఆర్బీకి టచ్‌డౌన్ అవకాశాలు తగ్గుతాయి, ఆ మాట కరెక్టే, వెనకబడితే రన్ ప్లేలు తగ్గుతాయి అదీ కరెక్టే, కానీ వెనకబడిన టీమే కదా ఎక్కువ పాస్‌లు వేసేది, ఆ పాస్‌లు ఎవరికి పోతాయి అన్నదే నా ప్రశ్న, దానికి జవాబు రాలేదు.

ఎవరు కొనాలి అంటే, ఫుల్ పీపీఆర్ లేదా హాఫ్ పీపీఆర్ (క్యాచ్‌కి అర పాయింట్) లీగ్ అయ్యుండి, ఆదివారం పొద్దున నంబర్లతో కుస్తీ పట్టే ఓపిక ఉంటే స్ప్లిట్స్ కోసం కొనండి, అలర్ట్‌లు బోనస్ అనుకోండి. స్టాండర్డ్ స్కోరింగ్ అయితే ఫ్రీ వెర్షన్ సరిపోతుంది. బాణాలు చూసి లైనప్ పెట్టే అలవాటు ఉంటే అసలు వద్దు. ఇంకోటి, ఆటో-రెన్యూ డీఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది, ఆపే బటన్ సబ్‌స్క్రిప్షన్ పేజీలో కాకుండా ప్రొఫైల్ లోపల పేమెంట్ మెథడ్ కింద పెట్టారు, సీజన్ మొదలయ్యే రోజే వెళ్ళి ఆఫ్ చేసుకోండి.