న్యూ రివర్‌లో చలికాలపు గాలం: చేప దక్కింది, క్యాబిన్ ముంచింది

మార్టిన్ లూథర్ కింగ్ సెలవు కలిసొచ్చి మూడు రోజులు దొరికాయి. జనవరి చలిలో నదిలో చేపలు పట్టడమేమిటని ఇంట్లో వాళ్లు అంటున్నా వినకుండా నేనూ, మా బావా ఉత్తర వర్జీనియాలోని ఆష్‌బర్న్ నుంచి బయల్దేరి, న్యూ రివర్‌లో స్మాల్‌మౌత్ బాస్ అనే చేప పట్టడానికి వర్జీనియా నైరుతి భాగంలో ఉన్న పెంబ్రోక్ వెళ్లాం. బావ అంటే వరసకు కాదు. రూమ్మేట్లుగా ఉన్న రోజుల నుంచీ ఒకరినొకరం అలాగే పిలుచుకుంటాం. ఐ-66, ఆపైన ఐ-81 హైవేల మీద మొత్తం నాలుగున్నర గంటలు. దారి గురించి చెప్పడానికేమీ లేదు. చెప్పాల్సింది క్యాబిన్ గురించి.

బుక్ చేసేటప్పుడు చూసిన ఫొటోల్లో నది పక్కనే చెక్క ఇల్లు, లోపల మంట, వరండాలో కుర్చీలు. 'హీటింగ్ ఉంది' అని స్పష్టంగా రాశారు. రెండు రాత్రులకు 290 డాలర్లు, శుభ్రం చేసినందుకు 95, సర్వీసు ఫీజు 54, పన్ను 31. మొత్తం 470 అయింది. తీరా చేరాక చూస్తే నదికీ ఇంటికీ మధ్య రోడ్డు, రోడ్డు దాటితే రైలు పట్టాలు. రాత్రి రెండు గూడ్సు బండ్లు వెళ్లినప్పుడు కిటికీ అద్దాలు గలగలలాడాయి. దాన్నయినా ఓర్చుకోవచ్చు. వాళ్లు చెప్పిన హీటింగ్ మాత్రం హాల్లో ప్లగ్గుకు పెట్టిన చిన్న ఎలక్ట్రిక్ హీటరు, అంతే. అన్నం వేడి చేద్దామని మైక్రోవేవ్ ఆన్ చేస్తే కరెంటు ట్రిప్పయి హీటరు ఆగిపోయింది. పొయ్యి ఉంది గానీ కట్టెలు విడిగా కొనుక్కోవాలి, కట్ట 10 డాలర్లు. రెండు కట్టలు కొన్నాం. తడి కట్టెలు, పొగ తప్ప మంట లేదు.

ఓనరుకు ఫోన్ చేస్తే, "జనవరి కదండీ, చలి ఉంటుంది" అన్నారు. నాకు ఒళ్లు మండింది. బయట 19 డిగ్రీల ఫారెన్‌హీట్, పడగ్గదిలో 51. ఆ అంకె కనిపించేలా ఫొటో తీసి పెట్టుకున్నాను. మా బావ కోపం వస్తే అరవడు, మాట్లాడటం మానేస్తాడు. ఆ రాత్రి టోపీ, జాకెట్టు తియ్యకుండానే గోడవైపు తిరిగి పడుకున్నాడు. తెల్లారి కుళాయి తిప్పితే చుక్క నీళ్లు రాలేదు. పైపు గడ్డకట్టింది. "మనం ఇవాళే వెళ్లిపోదాం" అన్నాడు. ఈ ట్రిప్ ఆలోచన నాదే కాబట్టి నాకు చాలా గిల్టీగా అనిపించింది. గైడ్‌కు అడ్వాన్సు ఇచ్చేశాం, ఒక్క పూట చూద్దాం అని బతిమాలి తీసుకెళ్లాను.

ఇక గైడ్ సంగతి. అరవై దాటిన మనిషి. ఇద్దరికీ కలిపి రోజుకు 450 డాలర్లు, గాలాలు, ఎరలు, మధ్యాహ్నం భోజనం అన్నీ అందులోనే. మేం వేరుగా కొన్నది లైసెన్సు ఒక్కటే, వర్జీనియాలో ఉండేవాళ్లకు ఏడాదికి 23 డాలర్లు. వారం ముందే ఫోన్ చేసి, మీరు ఏం తినరు, చేతులకు గ్లవ్స్ ఉన్నాయా, ఈత వచ్చా అని అడిగాడు. పొద్దున్నే ఆరింటికి రమ్మంటాడనుకుంటే తొమ్మిదిన్నరకు రమ్మన్నాడు. చలికాలంలో తెల్లవారుజామున వెళ్లి ప్రయోజనం లేదట. ఎండ పడి నీళ్లు ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కాకే చేప కదులుతుందట. లైఫ్ జాకెట్ బిగించాక గానీ బోటు కదపలేదు. ఈ నీళ్లలో పడితే ఎంత ఈతగాడికైనా నిమిషాల్లో చేతులు కొయ్యబారతాయని నవ్వకుండా చెప్పాడు.

న్యూ రివర్ పేరుకే కొత్తది. ప్రపంచంలోని బాగా పాత నదుల్లో ఒకటంటారు. నార్త్ కరోలినాలో పుట్టి, వర్జీనియా మీదుగా ఉత్తరంగా వెస్ట్ వర్జీనియాలోకి పోతుంది. ఎండాకాలంలో స్మాల్‌మౌత్ రాళ్ల మీదుగా పరుగెత్తే వడి నీళ్లలో ఉంటుంది. చలికాలంలో చేప ఒంటి వేడి కూడా నీళ్లతోపాటే పడిపోతుంది కాబట్టి ఆకలి తగ్గి, ప్రవాహం తగలని లోతు మడుగుల్లోకి చేరి కదలకుండా ఉంటుంది. అందుకే ఏడాదిలో పెద్ద చేపలు ఎక్కడున్నాయో ఇంత కచ్చితంగా తెలిసే కాలం ఇంకోటి లేదు. మడుగు తెలిస్తే చాలు. కానీ ఎర వెంట అది రాదు, ఎరే దాని ముక్కు దగ్గరికి వెళ్లి ఆగాలి.

ఆ రోజు నీళ్లు 41 డిగ్రీల ఫారెన్‌హీట్. సీసం తలకు జంతువు వెంట్రుకలు కట్టిన, జిగ్ అనే చిన్న కృత్రిమ ఎర ఇచ్చాడు. విసిరి, అడుగుకు దిగనిచ్చి, కొంచెం జరిపి, ఇరవై లెక్కపెట్టమన్నాడు. కోనసీమ కాలువ గట్టు మీద వానపాము గుచ్చి, బెండు మునిగితే లాగడం నేర్చుకున్నవాణ్ణి. ఇక్కడ బెండూ లేదు, లాగుడూ లేదు. గాలపు కర్ర రింగుల్లో మంచు పేరుకుని దారం జారదు. నాలుగు సార్లు విసరగానే కర్ర కొస నీళ్లలో ముంచి మంచు కరిగించుకోవాలి. రెండు గంటలు ఒక్క చేపా లేదు. బావ మొహం చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

పన్నెండున్నరకు గైడ్ చిన్న గ్యాసు పొయ్యి వెలిగించి చిల్లీ అనే మాంసం కూర వేడి చేశాడు. మేం బీఫ్ తినం అని ఫోన్లో చెప్పాం కదా, నవంబరులో తాను వేటాడిన జింక మాంసంతో వండి తెచ్చాడు. రాజ్మా, టమాటా, మిరపకారం, అడుగున కొంచెం పొగ వాసన. స్టీలు గ్లాసుల్లో పోసిచ్చాడు. గ్లాసు రెండు చేతులా పట్టుకుంటే వేళ్లకు ప్రాణం వచ్చింది. బావ రెండోసారి అడిగి పోయించుకున్నాడు. ముందు రోజు రాత్రి నుంచి అతను సొంతంగా నోరు విప్పింది అదే మొదటిసారి.

రెండింటికి పడింది. పడింది అంటే చేతికి ఝటకా ఏమీ లేదు. బావ దారం వీసమెత్తు పక్కకు జరిగింది. "కొట్టు" అన్నాడు గైడ్, అంటే కర్రను గట్టిగా పైకి గుంజమని. కర్ర వంగి అలాగే ఉండిపోయింది. ఎండాకాలంలోలా గాల్లోకి ఎగరలేదు, అడుక్కే బరువుగా లాగింది. పైకి వచ్చాక చూశాం: పాత ఇత్తడి చెంబు రంగు, ఒంటి మీద నిలువు చారలు, ఎర్రటి కన్ను. పందొమ్మిదిన్నర అంగుళాలు. చెయ్యి తడిపి పట్టుకోమన్నాడు. చలిగాలికి మొప్పలు గడ్డకడతాయని కొలవడానికీ ఫొటోకీ పది సెకన్లే ఇచ్చాడు. బావ రెండు చేతులూ నీళ్లలో ముంచి వదిలితే, చేప క్షణం ఆగి నెమ్మదిగా కిందికి పోయింది. తర్వాత "బావా, దాని ఒళ్లు నా చెయ్యి కంటే చల్లగా ఉందిరా" అని మూడు సార్లు చెప్పాడు.

చీకటి పడేలోగా ఇద్దరికీ కలిపి ఐదు చేపలు, నాది పెద్దది పదిహేడు అంగుళాలు. వర్జీనియా రికార్డు స్మాల్‌మౌత్, 8 పౌండ్ల 1 ఔన్సు, 2003లో ఈ నదిలోనే పడింది. గైడ్‌కు 90 డాలర్లు టిప్పు ఇచ్చాం. ఇంకా ఇవ్వాల్సింది.

రెండో రాత్రి క్యాబిన్‌కు వెళ్లలేదు. క్రిస్టియన్స్‌బర్గ్‌లో పన్నుతో కలిపి 88 డాలర్లకు మామూలు మోటెల్ తీసుకున్నాం. పరుపు అంతంతమాత్రమే గానీ గది వెచ్చగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి. నా మాట వినండి, చలికాలంలో నది ఒడ్డు ఇళ్ల జోలికి పోకండి. రాడ్‌ఫర్డ్‌లోనో క్రిస్టియన్స్‌బర్గ్‌లోనో ఉండి పొద్దున కారులో వెళ్లండి. ఎలాగైనా క్యాబినే కావాలంటే 'ప్రతి గదిలోనూ హీటింగ్ ఉందా' అని మెసేజ్‌లో అడిగి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. బయల్దేరే ముందు యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే సంస్థ) వెబ్‌సైట్లో రాడ్‌ఫర్డ్ దగ్గర నీటిమట్టం చూడండి. వానలకు నది పొంగి బురదగా ఉంటే అడ్వాన్సు పోయినా సరే మానుకోండి.

ఉష్ణోగ్రత ఫొటో పెట్టి ఫిర్యాదు చేస్తే నెల తర్వాత 95 డాలర్లు వెనక్కి వచ్చాయి. మిగిలిన 375 రావని తేల్చి చెప్పారు. ఆ 95తో పాటు తన జేబులోంచి ఇంకో 5 కలిపి, ఫిబ్రవరి చివరి శనివారానికి బావే గైడ్‌కు అడ్వాన్సు పంపాడు.