మిసిసిపీ పత్తి చేనా, షికాగో కబేళానా?

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా దక్షిణాది రాష్ట్రం మిసిసిపీలోని నల్లజాతి కుటుంబాలు తేల్చుకోవాల్సి వచ్చిన ప్రశ్న: ఉండాలా, వెళ్లాలా?

ఉంటే సగపాలు సేద్యం. విత్తనాలు, మొక్కజొన్న పిండి, ఉప్పు వేసిన పంది మాంసం అన్నీ దొర కొట్లోనే అరువు. పత్తి అమ్మాక లెక్క రాసేదీ ఆయనే. ఏడాదంతా చాకిరీ చేసినా చాలామందికి బాకీయే మిగిలేది. లెక్క తప్పని అడిగితే ప్రాణాలకే ముప్పు! ఓటు సంగతి సరేసరి, వేయనిచ్చేవారే కాదు.

ఉత్తరాది నగరం షికాగో వెళితే కబేళాల్లో నెత్తుటి పని, ఇరుకు గదులకు ఎక్కువ అద్దె. 1919లో అక్కడ తెల్లవాళ్లకీ నల్లవాళ్లకీ మధ్య జరిగిన అల్లర్లలో 38 మంది చనిపోయారు. అయినా నేను షికాగో వైపే మొగ్గుతాను. కూలి డబ్బు చేతికొచ్చేది, ఓటు ఉండేది. ఆ ఓట్లే 1928లో నల్లజాతి నాయకుడు ఆస్కార్ డి ప్రీస్ట్‌ను అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌కు గెలిపించాయి. 1970 నాటికి అమెరికా దక్షిణాది వదిలిన నల్లజాతివాళ్లు సుమారు 60 లక్షలు.