చక్రాలు గాల్లో ఉండగా బుష్ బోల్టులు బిగించనివ్వకండి: రెండంగుళాల లిఫ్ట్ కిట్‌తో 41 వేల కిలోమీటర్లు

బండి బాడీని రెండంగుళాలు పైకెత్తే ఈ లిఫ్ట్ కిట్ వేయించి రెండేళ్ల నాలుగు నెలలయింది. మొదటి మూడు నెలల్లో అడిగినవాళ్లందరికీ "ఆలోచించకుండా వేయించుకోండి" అని చెప్పాను. ఇప్పుడు ఆ మాట కొంత సరిదిద్దుకోవాలి. కిట్ మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. దాన్ని బిగించిన తీరు మీద మాత్రం కోపం ఇంకా తగ్గలేదు.

నా బండికి ముందూ వెనకా సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు), నాలుగు వైపులా కాయిల్ స్ప్రింగులు. కిట్‌లో కొత్త స్ప్రింగులు, పొడవైన షాక్ అబ్జార్బర్లు, ముందు ఆర్మ్‌లకు (యాక్సిల్‌ను ఛాసిస్‌కు కలిపే కడ్డీలు) క్యాస్టర్, అంటే స్టీరింగ్ తిరిగే ఇరుసు వాలు, సరిచేసే రబ్బరు బుష్‌లు (ఆర్మ్ చివర కీలులా ఉండేవి) వచ్చాయి. వర్క్‌షాప్‌లో బండిని లిఫ్ట్ మీదికెక్కించి, సాయంత్రానికల్లా పని ముగించారు. ఆర్మ్‌ల బోల్టులన్నీ చక్రాలు కిందికి వేలాడుతుండగానే ఎయిర్ గన్‌తో బిగించేశారు. నేను పక్కనే నిలబడి చూశాను. చేతివేగం చూసి మెచ్చుకున్నాను కూడా. అప్పటికి నాకు తెలియదు.

రెండు నెలల తర్వాత, బండి ఎక్కుతుంటే ముందు వైపు నుంచి కిర్రుమనే చప్పుడు మొదలైంది. కొత్త రబ్బరు కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాను. ఆరు వేల కిలోమీటర్లు దాటాక, బ్రేకు వేసినప్పుడల్లా బండి కాస్త ఎడమకు లాగడం గమనించాను. అలైన్‌మెంట్ చేయించాను. నెల తిరక్కుండా మళ్లీ చేయించాను. టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చాను. ఎవరో చెబితే స్టీరింగ్ అదుర్లను ఆపే డ్యాంపర్ కొత్తది వేశాను. దానితో రెండు వారాలు బాగున్నట్టే అనిపించింది. అసలు జబ్బును అది కప్పిపెట్టిందంతే. హైవే మీద బండి తిన్నగా పోవడం మానేసింది, చేతులతో ఎప్పుడూ చిన్నచిన్నగా సరిచేస్తూ ఉండాల్సి వచ్చేది. పిల్లలు వెనక కూర్చుంటే నాకు టెన్షన్‌గా ఉండేది.

తొమ్మిది వేల దగ్గర, వానలో ఒక రాళ్ల దిగుడు దిగుతున్నాను. బ్రేకు నొక్కగానే కాళ్ల కింద ధడేల్మంది, స్టీరింగ్ చేతిలో నుంచి గుంజుకుంది. మెల్లగా చదునులోకి తెచ్చి ఆపాను. చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, టార్చి పట్టుకుని బండి కిందికి దూరాను. ఇంజిన్ ఆపకుండా, మిత్రుణ్ణి బ్రేకు మీద కాలు ఉంచి గేరు ఒకసారి ముందుకూ ఒకసారి వెనక్కీ వేయమన్నాను. ఎడమ ఆర్మ్ చివర వేలెడు దూరం జరుగుతోంది! లోపల రబ్బరు చింపిరిగుడ్డలా వేలాడుతోంది. కుడివైపుది కూడా సగం చిరిగింది. ఇంటికి ముప్పై కిలోమీటర్ల వేగం దాటకుండా వచ్చాను.

ఈ బుష్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే తప్పు ఎక్కడుందో అర్థమవుతుంది. లోపల ఒక ఇనుప గొట్టం, బయట ఇంకొకటి, మధ్యలో రెండింటికీ అతుక్కున్న రబ్బరు. బోల్టు బిగిస్తే లోపలి గొట్టాన్ని బ్రాకెట్ కరిచి పట్టుకుంటుంది. ఆర్మ్ ఊగినప్పుడు గొట్టం తిరగదు, రబ్బరే మెలితిరుగుతుంది. కాబట్టి బోల్టు ఏ స్థితిలో బిగిస్తే, రబ్బరుకు అదే విశ్రాంతి స్థితి. చక్రం వేలాడుతుండగా బిగిస్తే, బండి నేల మీద ఊరికే నిలబడ్డా రబ్బరు మెలి పడే ఉంటుంది. గతుకు వస్తే ఆ మెలిక మీద ఇంకో మెలిక. నా ఆర్మ్ పొడవు 90 సెంటీమీటర్లు. వేలాడే స్థితికీ నిలబడిన స్థితికీ యాక్సిల్ దగ్గర తేడా 12 సెంటీమీటర్లు, అంటే ఏడెనిమిది డిగ్రీల మెలిక ఇరవై నాలుగు గంటలూ. కిట్‌లోని పొడవైన షాక్‌ల వల్ల చక్రం మునుపటికంటే ఇంకా కిందికి వేలాడుతుంది. అందుకే మామూలు బండికంటే లిఫ్ట్ చేసిన బండికి ఈ తప్పు ఎక్కువ దెబ్బ కొడుతుంది. లోపలి గొట్టానికి అతుక్కోకుండా దాని చుట్టూ తిరిగే రకం పాలీయూరిథేన్ (రబ్బరు లాంటి గట్టి ప్లాస్టిక్) బుష్‌లకు ఈ బాధ ఉండదు, కానీ వాటికి గ్రీజు తగ్గితే అరుస్తాయి.

రెండో జత నేనే వేశాను. బోల్టులు వదులుగా ఉంచి, బండిని చక్రాల మీద దించి, నాలుగు మూలలా గట్టిగా ఊపి, పది అడుగులు ముందుకూ వెనక్కూ నడిపాను. తర్వాత పడుకుని టార్క్ రెంచ్‌తో (బిగింపు ఎంతో కొలిచే పానా) బిగించాను. అదే రోజు వెనక ఆర్మ్‌ల బోల్టులు కూడా వదులు చేశాను. ఒక్కొక్కటి వదులైనప్పుడు 'టక్' మని చప్పుడు, బండి కళ్ల ముందే కాస్త కిందికి కూర్చుంది. అన్నాళ్లు అవి కూడా మెలిపడే ఉన్నాయన్నమాట. ఐదు వందల కిలోమీటర్ల తర్వాత మళ్లీ టార్క్ చూశాను. అప్పటి నుంచి 32 వేల కిలోమీటర్లు, ఒక్క చప్పుడు లేదు, స్టీరింగ్ వదిలితే తనంతట తానే మధ్యకు వస్తోంది.

దీనితో నేను మొదట్లో చెప్పిన రెండు పొగడ్తలు కూడా తగ్గించుకోవాలి. చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు వరకు కొలిస్తే పాత ఎత్తు 51.5 సెంటీమీటర్లు, కిట్ వేసిన రోజు 57.5. రెండంగుళాలు అంటే ఐదే కదా, ఆరు ఇచ్చారని సంబరపడ్డాను. ఇప్పుడు 56.3. కొంత స్ప్రింగులు సర్దుకున్నందుకు, మిగతాది ఆ బుష్‌ల మెలిక బండిని పైకి నెట్టినందుకు. మలుపుల్లో అసలు ఒరగడం లేదన్నాను, అందులోనూ బిగుసుకున్న రబ్బరు వాటా ఉంది. ఇప్పుడు కొంచెం ఒరుగుతుంది, కానీ గతుకుల మీద మెత్తగా ఉంది. నాకు ఇదే నచ్చింది.

మిగతా సంగతులు క్లుప్తంగా. యాక్సిల్ ఒక పక్కకు సెంటీమీటరు జరిగింది, యాక్సిల్ పక్కకు జరగకుండా పట్టే ప్యాన్‌హార్డ్ రాడ్‌ను పొడవు మార్చుకునే రకం వేస్తే సరిపోయింది. హెడ్‌లైట్లు దించి సెట్ చేయించాలి, లేదంటే ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయి. చక్రం పూర్తిగా వేలాడదీసి స్టీరింగ్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి బ్రేకు గొట్టాలు, ఏబీఎస్ వైర్లు లాగుతున్నాయేమో చూడాలి. ఇంకొకటి, లిఫ్ట్ వల్ల డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలో ఉండే గేర్ల గుండు) కింద ఖాళీ పెరగదు, దానికి పెద్ద టైర్లే దారి. పెరిగేది బాడీ ఎత్తు. పొట్ట రాయికి తగలడం, బంపరు గట్టుకు గీసుకోవడం నాకు దాదాపు ఆగిపోయాయి.

నెలకు రెండుసార్లు సామానుతో కొండదారులు పట్టే నాకు ఈ కిట్ తగింది. బండి ఎక్కువగా ఊళ్లోనే తిరిగితే నేనైతే వేయించేవాణ్ణి కాదు. సామాను లేనప్పుడు వెనక స్ప్రింగులు కొట్టినట్టే ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్న అమ్మ ఎక్కడానికి స్టూలు వేయాల్సి వస్తోంది. అమ్మతో ప్రయాణాలు పెరిగితే వెనక మెత్తటి స్ప్రింగులు వేయాలని ఉంది. ఆ పనీ నేనే చేసుకుంటాను, చక్రాలు నేల మీద ఉంచి.